డీజిల్ మిగిలింది, చేతులు పోయాయి: రొయ్యల ప్లాంట్ల యజమానులకు ఒక టైమాఫీసు గుమాస్తా బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల్లో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు నడుపుతున్న యజమానులకు, డైరెక్టర్లకు నమస్కారాలు.

మీలో కొందరికి నా మొహం గుర్తుండొచ్చు, పేరు గుర్తుండదు. టైమాఫీసు గుమాస్తా పేరు ఎవరికి గుర్తుంటుంది? ఇరవై ఆరేళ్లు ఈ ప్లాంట్లలోనే చేశాను. టైగర్ రొయ్య రోజుల్లో మస్టర్, అంటే హాజరు పుస్తకం చంకన పెట్టుకుని చేరాను, చెరువులన్నీ వనామీ రకం రొయ్యకి మారిపోయాక రిటైరయ్యాను. ఈలోగా నా గది తలుపు మీద బోర్డు మూడుసార్లు మారింది. మొదట టైమాఫీసు, తర్వాత పర్సనెల్ డిపార్ట్‌మెంట్, ఆఖరికి హెచ్ఆర్. లోపల బల్ల అదే, కుర్చీ అదే, పనీ అదే. హాజరు వేయడం, పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు పంపడం, గేటు దగ్గర గొడవైతే వెళ్లి సర్దిచెప్పడం.

మొన్నామధ్య పాలకొల్లులో ఒక పెళ్లికి వెళితే మీలో ఒకరు భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నారు. పనసపొట్టు కూర విస్తట్లో పడేలోపే ఆయన నోటి నుంచి వచ్చిన మాట, "మనుషులు దొరకట్లేదండి బాబూ." ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వింటున్న మాటే ఇది. అక్కడ ఏమీ అనలేదు. పెళ్లి భోజనం చెడగొట్టడం ఎందుకు? ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మనుషులు దొరుకుతున్నారండి. నిలవడం లేదు. నా మస్టర్లే సాక్ష్యం. ప్రతి నెలా కొత్త పేర్లు రాసి రాసి నా చెయ్యి నొప్పెట్టేది, ప్రతి నెలా అన్ని పేర్లూ కొట్టేసేవాణ్ణి. దొరక్కపోతే ఊరిని అనొచ్చు, ఉపాధి పనిని అనొచ్చు, హైదరాబాద్‌ని అనొచ్చు. వచ్చినవాళ్లు నెల తిరక్కుండా పోతుంటే మాత్రం మన గేటు లోపల ఏం జరుగుతోందో చూసుకోవాలి.

ఒక బస్సు సంగతి చెబుతాను. ఏ ప్లాంటో అడక్కండి, చెప్పను.

ఆకివీడు అవతల కొల్లేరు వైపు ఊళ్ల నుంచి ఆ ప్లాంటుకి ఒక బస్సు వచ్చేది. చివరి రెండు ఊళ్లలో ఎక్కేది పధ్నాలుగు మంది ఆడవాళ్లు. వాళ్లకోసం బస్సు మెయిన్ రోడ్డు దిగి, కాలవగట్టు మీద లోపలికి పోయి రావాలి. ఒక ఏడాది ఖర్చులు తగ్గించాలని అకౌంట్స్ వాళ్లు డీజిల్ బిల్లులు ముందేసుకున్నారు. పధ్నాలుగు మంది కోసం ఇన్ని కిలోమీటర్లా అన్నారు. మెయిన్ రోడ్డు దాకా వాళ్లే వస్తారులే అని నిర్ణయం జరిగిపోయింది. నాకు ఆ సంగతి డ్రైవర్ చెబితే తెలిసింది. అప్పటికి నా గదికి హెచ్ఆర్ అని బోర్డు ఉంది, గుర్తుంచుకోండి.

తెల్లారగట్ల అయిదింటికి గట్టు మీద మూడు కిలోమీటర్ల నడక. శీతాకాలం, ఎదర మనిషి కనబడనంత మంచు. రాత్రి షిఫ్టు దిగితే అదే గట్టు మీద చీకట్లో వెనక్కి. పది రోజులు నడిచారు పాపం. ఇంట్లో మగవాళ్లు వద్దన్నారు, అత్తలు సణిగారు. నెల తిరిగేసరికి పధ్నాలుగు మందిలో పదకొండు మంది మానేశారు. ఆ నెల మీటింగులో డీజిల్ మిగిలిందని అకౌంట్స్ ఆయన్ని మెచ్చుకున్నారు.

మానేసిన పదకొండు మందిలో ఒకావిడ తొమ్మిదేళ్లు పీలింగ్ బల్ల దగ్గర నిలబడిన మనిషి. నేను ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్లి ఆవిడ పని చూసేవాణ్ణి. ఎడమ చేత్తో రొయ్య నడుం పట్టుకుని, కుడి బొటనవేలు కాళ్ల కింద దూర్చి ఒక్క తిప్పు తిప్పితే పెంకు చుట్టలా ఊడి వచ్చేది. తోక దగ్గర చెయ్యి దానంతటదే ఆగేది. తోక ఉంచి పంపే రకానికి ఆఖరి కణుపు పెంకు చెదరకూడదు, చెదిరితే ముక్క రెండో రకం కింద పోతుంది. తర్వాత చిన్న కత్తి మొనతో వీపు మీద గీత. నల్ల పేగు దారంలా పైకి వచ్చేస్తుంది. గీత మరీ లోతుగా పడితే రొయ్య వీపు పుస్తకంలా విచ్చుకుపోతుంది. మెత్తపెంకు రొయ్య చేతిలో పడితే ఆవిడ కళ్లెత్తి చూడకుండానే దాన్ని వేరే ట్రేలోకి విసిరేది. ఎలా తెలిసిందమ్మా అంటే, "చెయ్యికి తెలిసిపోద్దండి" అనేది. గ్లౌజు తీస్తే వేళ్లు ఐసు నీళ్లకి తెల్లగా ముడుచుకుపోయి ఉండేవి.

ఆవిడ చోట్లోకి వచ్చిన పిల్లకి రెండు పూటలు పక్కన నిలబెట్టి చూపించారు, మూడో పూట బల్ల అప్పజెప్పారు. తొందరలో తోక మొదట్లో మాంసం వదిలేసేది, పెంకుతో పాటు ముక్క ఊడొచ్చేది. తప్పు ఆ పిల్లది కాదు, ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడొక లెక్క వేద్దాం. రోజుకి పది టన్నుల హెడ్‌లెస్, అంటే తల తీసిన రొయ్య, ఒలిచే ప్లాంటు అనుకోండి. చేతివాటం లేనందువల్ల వంద కేజీలకి ఒక్క కేజీ మాంసం అదనంగా చెత్తలో పోయిందనుకోండి. రోజుకి వంద కేజీలు. కేజీ అయిదొందలు వేసుకుంటే రోజుకి 50,000 రూపాయలు. నెలకి పాతిక పనిదినాలకి పన్నెండున్నర లక్షలు. ఆ డబ్బుతో కొల్లేరు ఊళ్లకి బస్సు కాదు, ఏసీ కారు పంపొచ్చు. పదకొండు మంది పోతేనే అంత నష్టం వచ్చిందని నేననను. అలాంటి బస్సులు, అలాంటి పదకొండు మందిలు ఏడాది పొడుగునా ఉంటాయి కదా.

ఈ లెక్క మీ ప్లాంటులో ఎక్కడా ఒక్క కాగితం మీద కనబడదు. డీజిల్ అకౌంట్స్‌లో ఉంటుంది. మానేసినవాళ్లు మస్టర్‌లో ఉంటారు. పోయిన మాంసం ప్రొడక్షన్ రిజిస్టర్‌లో 'యీల్డ్ తక్కువ' అని, అంటే ఒలిచాక చేతికొచ్చిన మాంసం తక్కువ అని ఉంటుంది, పక్కన 'సరుకు నాణ్యత' అని కారణం కూడా రాసి ఉంటుంది. రైతు మీదికి తోసేయడం అన్నమాట. మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషిని మీరు పెట్టుకోలేదు.

ఆ చూడ్డానికి మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు వ్యూహాత్మక మానవ వనరుల నిర్వహణ అని పేరు పెట్టారు. నాకే నోరు తిరగదు, మీకు తిరగాలని ఏముంది? రిటైరయ్యాక మా అల్లుడి ఎంబీఏ నోట్సు తిరగేశాను. ఏదో గొప్ప సంగతి ఉంటుందనుకుంటే మన బస్సు సంగతే ఉంది. 1984లో అమెరికాలో ఫాంబ్రన్, టిచీ, డెవనా అనే ముగ్గురు చెప్పిన మాట ఇదీ (దీన్నే మిషిగన్ నమూనా అంటారు): మనుషుల్ని ఎంచుకోవడం, వాళ్ల పనిని కొలవడం, దానికి తగ్గ జీతం ఇవ్వడం, వాళ్లకి నేర్పడం, ఈ నాలుగూ కంపెనీ ఎటు వెళ్లాలనుకుంటోందో దానికి కట్టేసి ఉండాలి. విడివిడిగా నడిపితే దేని దారి దానిదే అవుతుంది.

1991లో జే బార్నీ అనే ఆయన ఇంకో మాట అన్నాడు. పోటీలో నిలబెట్టే వనరు విలువైనదై ఉండాలి, అందరికీ దొరకనిదై ఉండాలి, పక్కవాడు అచ్చు దించలేనిదై ఉండాలి, దానికి బదులు వేరేది వాడుకునే వీలుండకూడదు. మీ ఐక్యూఎఫ్ మెషీన్ని, అదే రొయ్యల్ని దేనికది విడిగా గడ్డకట్టించే ఫ్రీజర్‌ని, ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. మీకు అమ్మినవాడే పక్క ప్లాంటుకీ అమ్ముతాడు, బ్యాంకు వాళ్లకీ అప్పిస్తుంది. పీలింగ్ చేసే ఆవిణ్ణి పక్కవాళ్లు లాక్కుపోరా అంటారేమో. ఒకరిని లాక్కుపోతారు. అలాంటి ఎనభై మంది, వాళ్లకి పని నేర్పిన సూపర్‌వైజరు, టైముకి వచ్చే బస్సు, ఇచ్చిన మాట మీద నిలబడే మేనేజరు, ఇదంతా మూటకట్టి ఎవరూ పట్టుకుపోలేరు.

కూలి లెక్క దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం ఇది, కాస్త ఓపిక పట్టండి.

మీటింగులో మీరు చెప్పేది: మనం అమెరికా సూపర్ మార్కెట్లకి తోక ఉన్న ఒలిచిన రొయ్య పంపుతున్నాం, క్వాలిటీ ముఖ్యం, ఒక్క ముక్క విరగకూడదు. పీలింగ్ హాల్లో మీరు కట్టేది: కేజీ లెక్క కూలి. ఎంత వేగంగా ఒలిస్తే అంత డబ్బు. తోక దగ్గర ఆగిన చెయ్యికి ఆ రోజు కూలి తగ్గుతుంది. తోక దగ్గర మాంసం వదిలేసి పరిగెత్తిన చెయ్యికి పెరుగుతుంది. పైన గోడ మీద 'నాణ్యతే మన ప్రాణం' అని ఎర్ర రంగుతో రాయించారు. ఆడవాళ్లు గోడ మీద రాత చదవరండి, శనివారం చేతికొచ్చే డబ్బు చదువుతారు. దేనికి డబ్బు ఇస్తే అదే మీ వ్యూహం అని వాళ్లకి మీకంటే బాగా తెలుసు.

ఒక ప్లాంటులో ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన, చాలా మంచివాడు, క్వాలిటీ మీద మూడు రోజుల ట్రైనింగ్ పెట్టించాడు. కొచ్చి నుంచి ఎవరినో పిలిపించాడు, టీవీ పెట్టి చూపించాడు, బిస్కెట్లు, టీ. నాలుగో రోజు నుంచి అదే కేజీ కూలి. వారం లోపల ట్రైనింగ్ అంతా ఐసు నీళ్లలో కలిసిపోయింది. నెమ్మదిగా జాగ్రత్తగా చెయ్యమని నేర్పి, వేగానికి డబ్బిస్తే ఇంకేమవుతుంది? అదే కూలిలో కొంత భాగం యీల్డుకి, విరగని ముక్కకి కట్టి ఉంటే ట్రైనింగ్‌కి పెట్టిన ఖర్చు పనికొచ్చేది. బల్ల బల్లకీ ఎంత హెడ్‌లెస్ ఇచ్చారో, ఎంత మాంసం తిరిగొచ్చిందో తూకం వేస్తే చాలు. తూకం మిషన్లు అక్కడే ఉన్నాయి.

ఇదంతా నా సొంత పైత్యం అనుకుంటారని ఇంకొంచెం చెబుతాను. 1995లో మార్క్ హ్యూస్లిడ్ అనే ఆయన అమెరికాలో వెయ్యికి దగ్గర కంపెనీల్ని పరిశీలించాడు. మనుషుల్ని జాగ్రత్తగా ఎంచుకుని, నేర్పించి, పనిని బట్టి జీతమిచ్చి, వాళ్ల మాట వినే పద్ధతులన్నీ కలిపి పెట్టుకున్న చోట మానేసేవాళ్లు తక్కువ, మనిషికి వచ్చే అమ్మకం ఎక్కువ, లాభమూ ఎక్కువ అని చూపించాడు. ఒక్కొక్కటి విడిగా పెడితే అంత ఫలితం ఉండదు, కలిసి ఉండాలి అన్నది ఈ రంగంలో చాలామంది మాట. మా ట్రైనింగ్ బిస్కెట్ల కథ అదే చెబుతోంది.

మీలో తెలివైనవాళ్లు వెంటనే అడుగుతారు. డబ్బున్న కంపెనీ కాబట్టి మనుషుల్ని బాగా చూసుకుందా, బాగా చూసుకుంది కాబట్టి డబ్బొచ్చిందా? న్యాయమైన ప్రశ్న. 2005లో పాట్రిక్ రైట్, ఆయన తోటి పరిశోధకులు సరిగ్గా ఇదే తవ్వారు. మంచి పద్ధతులకి తర్వాత వచ్చే ఫలితాలతో ఎంత సంబంధం ఉందో, అంతకుముందు వచ్చిన ఫలితాలతోనూ అంత సంబంధం కనబడిందన్నారు. కాబట్టి హెచ్ఆర్ వాళ్లకి బోర్డు తగిలించగానే లాభాలు కురుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నేనూ చెప్పను.

కానీ మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం ఉంది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త బృందం 2008 నుంచి ముంబై దగ్గర బట్టలు నేసే 17 కంపెనీలతో చేసింది. కొన్ని మిల్లులకి కన్సల్టెంట్లని పంపి నెలల తరబడి పద్ధతులు మార్పించారు, కొన్నిటికి లోపాలు చెప్పి వదిలేశారు. ఎవరికి ఏది అన్నది లాటరీ వేసినట్టు నిర్ణయించారు, కాబట్టి డబ్బున్నవాళ్లే ముందుకొచ్చారన్న అనుమానం లేదు. మార్పించినవి ఏమంత గొప్పవీ కావు. లోపాలు రాసిపెట్టడం, నేల శుభ్రంగా ఉంచడం, ఎవరి పని ఏదో స్పష్టంగా చెప్పడం, పనివాళ్లకీ మేనేజర్లకీ పనితీరుకి తగ్గ ప్రోత్సాహకం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అందులో మనుషులకి సంబంధించినవి కొన్నే, మిగతావి సరుకు, నాణ్యత, మెషీన్ల పద్ధతులు. అయినా ఆ యజమానులు ఏళ్ల తరబడి ఇవన్నీ ఎందుకు చెయ్యలేదంటే, చాలామంది చెప్పిన జవాబు మీ జవాబే: మా దగ్గర ఇవి అవసరం లేదండి, మాకు లాభాలు వస్తున్నాయి.

మనకి డెల్టాలో ఇంకో చిక్కు ఉంది, అది ముంబై వాళ్లకి తెలియదు. మన మనుషులు రెండు క్యాలెండర్ల మీద బతుకుతారు. వేసవి చెరువుల పట్టుబడులప్పుడు మీకు చేతులు చాలవు. తర్వాత ఊడ్పులు వస్తాయి. ఊడ్పు కూలి ఆ నాలుగు వారాలు బాగుంటుంది, పైగా మధ్యాహ్నానికి ఇంటికి చేరొచ్చు, పిల్లల్ని చూసుకోవచ్చు. తర్వాత కోతలు, ఆపైన దాళ్వా (రెండో పంట) నాట్లు, మధ్యలో సంక్రాంతి, భీమవరం వాళ్లకి మావుళ్ళమ్మ జాతర. ఇందులో ఒక్కటీ దాపరికం లేదు. అయినా ప్రతి ఏడూ ప్రొడక్షన్ మీటింగులో సంక్రాంతి హఠాత్తుగా ఊడిపడినట్టే మాట్లాడుకునేవాళ్లు. జనవరి 13న ఫోన్లు మొదలయ్యేవి: "మనుషులేరీ?" కోడిపందేల బరుల దగ్గర ఉన్నారండి, ఇంకెక్కడుంటారు? కంటైనర్ బుకింగ్ రెండు నెలల ముందు చేసే కంపెనీ మనుషుల బుకింగ్ ముందురోజు రాత్రి కూలీల్ని తెచ్చే మేస్త్రికి ఫోన్ చేసి చేస్తుంది.

మేస్త్రి మాట వచ్చింది కాబట్టి ధవళేశ్వరం గుర్తొస్తోంది. మనం కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయిందంటే దొర లెక్కలతో పాటు కూలీల్ని కూడగట్టి, పని చేయించి, నిలబెట్టుకున్న ఓవర్‌సీర్ వీణెం వీరన్న గారి పనితనం కూడా ఉంది. అందుకే ధవళేశ్వరం దగ్గర లాకులకి ఆయన పేరుంది. గోదావరి మీద ఇంజినీరుకి సమానంగా మనుషుల్ని నడిపినవాడి పేరు కూడా రాయి మీద ఎక్కిన చోటు అది. మీ ప్లాంటు శిలాఫలకం మీద ఎవరి పేర్లున్నాయో నాకు తెలుసు, అది వదిలేద్దాం.

మీరు మేస్త్రి మీద ఎక్కువ ఆధారపడితే జరిగేది ఇంకోటి ఉంది. కాంట్రాక్టరు మనిషి మన మనిషి కాదని అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. కాంట్రాక్టరు కూలీకి పీఎఫ్ కట్టకపోతే ఆ బాధ్యత మీ మీదికే వస్తుంది. డబ్బు సంగతి అలా ఉంచి, పని సంగతి చూడండి. కాంట్రాక్టరుకి తలల లెక్క మీద కమీషన్ వస్తుంది. పాత మనిషి ఉన్నా కొత్త మనిషి వచ్చినా ఆయనకి ఒకటే. కొత్త తలలు తేవడమే ఆయన వ్యాపారం అయినప్పుడు పాతవాళ్లని నిలబెట్టుకోవడానికి ఆయనకేం పట్టింది?

ఐక్యూఎఫ్ కథ రెండు ముక్కల్లో చెబుతాను. కొత్త లైను వచ్చింది, పూజ చేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు తీశారు. ఫ్రీజర్ నడిపే ఆపరేటర్లు ఎవరు, అమ్మోనియా కంప్రెసర్ రాత్రిపూట ఎవరు చూస్తారు అని మెషీన్ ఆర్డరు పెట్టిన రోజున ఎవరూ అడగలేదు. మెషీన్ దిగాక అడిగారు. ఉన్న ఒక్క ఆపరేటర్ మూడో నెలలో పక్క ప్లాంటు రెండువేలు ఎక్కువిస్తే వెళ్లిపోయాడు. అప్పు వడ్డీ మాత్రం వెళ్లలేదు.

ఎంబీఏ హెచ్ఆర్ చదివిన అమ్మాయిని ఒకరిని నాకు సాయంగా వేశారు ఓసారి. మన భీమవరం పిల్లే, చురుకైనది. చేరిన నెలలోనే మానేసినవాళ్లందరి ఊళ్లకి ఫోన్లు చేసి, కారణాలు ఒక కాగితం మీద రాసి తెచ్చింది. జీతం తక్కువ అన్నవాళ్లు నేననుకున్నంత లేరు. సూపర్‌వైజరు నోటి దురుసు, బాత్రూముకి పంపకపోవడం, షిఫ్టు చివరి నిమిషంలో మార్చడం, బస్సు. ఇవే ఎక్కువ. ఆ కాగితం పట్టుకుని మీటింగుకి వస్తానంది. మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ ఏర్పాట్లు చూడమన్నారు. కేకు మీద కంపెనీ లోగో సరిగ్గా రాలేదని మాట కూడా పడింది. ఏడాది తిరక్కుండా హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మీరంటారు, మా దగ్గర ఎవరికీ ఏ ఇబ్బందీ లేదండీ, అడిగితే అందరూ బాగానే ఉందంటారు అని. మన గోదావరి వాళ్లం 'ఆయ్' అంటామండి. పిలిస్తే ఆయ్, తిడితే ఆయ్, రేపు ఆదివారం కూడా రావాలంటే ఆయ్. ఆ 'ఆయ్'ని మీరు ఒప్పుకోలు అనుకుంటున్నారు. అది మర్యాద. అసలు జవాబు మర్నాడు ఖాళీగా ఉన్న బల్ల దగ్గర తెలుస్తుంది. విదేశీ కొనుగోలుదారుల ఆడిట్ వస్తుందంటే ముందురోజు కొత్త గ్లౌజులు పంచి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూది నింపి, ఏమడిగితే ఏం చెప్పాలో వరసలో నిలబెట్టి నేర్పించిన రోజులు నేను చూశాను. ఆడిటరు అడిగాడు, వాళ్లు ఆయ్ అన్నారు, సర్టిఫికెట్ వచ్చింది. 2024లో మన దేశపు రొయ్యల ప్లాంట్లలో పనివాళ్ల పరిస్థితి మీద అమెరికాలో రిపోర్టులు బయటికొచ్చినప్పుడు మీలో చాలామందికి టెన్షన్ పట్టుకుంది కదా. ఆ టెన్షన్‌లో సగం ఆ ముందురోజు ఏర్పాట్లదే.

తర్వాత 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కించినప్పుడు ఆ దెబ్బ ముందు చెరువు రైతు మీద పడింది, వెంటనే పీలింగ్ హాలు మీద పడింది. షిఫ్టులు తగ్గాయి, బస్సులు తగ్గాయి. ఆ పరిస్థితిలో ఖర్చు చూసుకోక తప్పదు, ఒప్పుకుంటాను. నేనడిగేది ఒక్కటే. అమెరికా ఒక్కటే కాకుండా వేరే దేశాలకి పంపాలని, ఉడికించిన రకాలు, పిండి అద్దిన రకాలు పెంచాలని అందరూ మాట్లాడుకున్నారు. ఆ రకాల్లో పని వేరు, శుభ్రత నియమాలు వేరు. ఎవరిని నేర్పడానికి ఉంచుకుంటున్నాం, ఎవరిని తీస్తున్నాం అని ఎవరైనా పేర్లు రాసుకుని ఆలోచించారా, లేక మస్టర్‌లో కింది నుంచి కొట్టేశారా? పని తక్కువున్న నెలలే నేర్పడానికి మంచివి. పట్టుబడులు ఊపందుకున్నాక ఎవరికీ తీరిక ఉండదు.

మనుషుల విభాగం అన్న ఆలోచన మనకి అమెరికా నుంచి ఈ మధ్యే దిగిందేమో అనుకోకండి. మన దేశపు మేనేజ్‌మెంట్ ఆచార్యులు ఉదయ్ పారీక్, టి.వి. రావు గార్ల సలహా మీద లార్సెన్ అండ్ టూబ్రో 1970ల మధ్యలోనే మానవ వనరుల అభివృద్ధికి ప్రత్యేకంగా విభాగం పెట్టుకుంది. అంత పెద్ద కంపెనీతో మనకి పోలికేంటి అంటారా? మూడొందల మంది ఆడవాళ్ల చేతుల మీద నడిచే ప్లాంటుకే ఆ అవసరం ఎక్కువ. పెద్ద కంపెనీలో పదకొండు మంది పోతే ఎవరికీ తెలియదు. మీకు ఆ సాయంత్రానికే ట్రేలు పేరుకుపోతాయి.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. సోమవారం ప్రొడక్షన్ మీటింగులో హెచ్ఆర్ మనిషికి కుర్చీ వేయండి, కొత్త మెషీన్, కొత్త కొనుగోలుదారు, బస్సు రూటు, షిఫ్టు మార్పు, ఏది మాట్లాడినా ఆ మనిషి ఎదుటే మాట్లాడండి. మానేసినవాళ్ల కారణాలు నెలకోసారి మీరే చదవండి, మేనేజరు చదివి చెప్పడం కాదు. బల్లల వారీగా యీల్డు తూకం వేసి, ఆ బల్ల దగ్గర ఎన్నేళ్ల చేతులున్నాయో పక్కన రాయించండి. మూడు నెలలు చూస్తే మీకే బోధపడుతుంది, నేను చెప్పక్కర్లేదు. కూలిలో కొంత ఆ తూకానికి కట్టండి. పీలింగ్ హాల్లో సూపర్‌వైజర్లుగా ఆ బల్లల దగ్గర పదేళ్లు నిలబడిన ఆడవాళ్లని పెట్టండి. డిగ్రీ లేదని ఆగకండి, పెన్ను పట్టుకుని రాసే పనికి ఒక కుర్రాణ్ణి సాయం ఇస్తే సరిపోతుంది. బాత్రూము సంగతి మాత్రం రేపే చూడండి, దానికి మీటింగ్ అక్కర్లేదు.

కొల్లేరు వైపు ఆవిడ గురించి ఎవరైనా అడుగుతారేమో. ప్లాంటు మానేశాక ఆ ఊళ్లోనే చేపల చెరువు దగ్గర పనికి వెళుతోందని విన్నాను. ఆవిడతో పాటు మానేసినవాళ్లలో ఇద్దరు ఒక ఏడాదికి వేరే ప్లాంటులో చేరారు, ఆ ప్లాంటు బస్సు గట్టు మీదికి వస్తుంది.

నా దగ్గర పాత డైరీలున్నాయి. ఎవరెవరు ఎప్పుడు ఎందుకు మానేశారో పదకొండేళ్ల రాత ఉంది. పేర్లు చూపించను, లెక్కలు మాత్రం చూపిస్తాను. చూడాలనుకున్నవాళ్లు కబురు చేస్తే తెచ్చి కూర్చుంటాను, డబ్బులేమీ అక్కర్లేదు, కప్పు కాఫీ చాలు. పొద్దుటిపూట అయితే బాగుంటుంది, సాయంత్రం మా మనవరాలిని ట్యూషన్‌కి దింపాలి.

ఇట్లు,
ఒకప్పటి టైమాఫీసు గుమాస్తా,
భీమవరం